గుమ్మడి గింజ: ఇంట్లో మొలిపించాలా, నేలలోనే వేయాలా?

జనవరి మొదటి వారంలో ఒకే పొట్లంలోని గుమ్మడి గింజల్ని విజయవాడ దగ్గర ఒక పెరట్లోనూ, ఢిల్లీ శివార్లలో ఒక మడిలోనూ వేస్తే ఫలితాలు పూర్తిగా వేరుగా ఉంటాయి. కృష్ణా తీరంలో ఆ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. వారం పది రోజుల్లో మొలక నేలను చీల్చుకుని పైకొస్తుంది. ఢిల్లీలో రాత్రిళ్లు 7-8 డిగ్రీలకు పడిపోతాయి. పగటి ఎండకు కాస్త వెచ్చబడిన మట్టి తెల్లవారేసరికి మళ్లీ చల్లబడుతుంది. గింజ నీరు పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, అక్కడితో ఆగిపోతుంది. మూడు వారాల తర్వాత తవ్వి చూస్తే ఖాళీ తొక్క, దాని లోపల మెత్తగా కుళ్లిన పప్పు కనిపిస్తాయి. గింజలో ఏ లోపమూ లేదు. దాన్ని వేసిన చోటు, వేళ దానికి సరిపడలేదు.

ఇంట్లో మొలిపించి నాటడం మేలా, నేరుగా నేలలో విత్తడం మేలా అన్న ప్రశ్నకు దేశమంతటికీ ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇదే. ఇంటర్నెట్‌లో దొరికే తోటపని సలహాల్లో చాలా భాగం చలి దేశాలవి. అక్కడ మంచు కురిసే కాలం ముగిసేదాకా గుమ్మడిని ఆరుబయట పెట్టే వీలుండదు. న్యూజెర్సీలో పెరటి తోట వేసుకున్న తెలుగు కుటుంబానికి మే నెల మధ్యకు వస్తే గానీ మంచు భయం తీరదు. కాయ ముదరడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. కాబట్టి మూడు వారాలు ముందుగా గదిలో నారు పోసుకోవడం వాళ్లకు అవసరం. అదే సలహాను ఏలూరులోనో ఖమ్మంలోనో తు.చ. తప్పకుండా పాటిస్తే శ్రమ పెరుగుతుంది, కొన్నిసార్లు మొక్క బలహీనపడుతుంది కూడా. అయితే తెలుగు నేలమీద ఇంట్లో మొలిపించాల్సిన అవసరమే రాదనుకోవడం కూడా పొరపాటే. ఎప్పుడు ఏది తగునో తెలియాలంటే ముందు గింజ సంగతి తెలియాలి.

ఏ గుమ్మడి?

తెలుగువాళ్లు గుమ్మడి అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు మొక్కల్ని పిలుస్తారు. వడియాలకు వాడేది, గుమ్మానికి వేలాడదీసేది బూడిద గుమ్మడి. ఇది ఆసియా మొక్క, ప్రజాతి పేరు బెనిన్‌కాసా. దప్పళంలో పడేది, సంక్రాంతి గొబ్బెమ్మల మీద పసుపు పువ్వై కూర్చునేది తీపి గుమ్మడి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు ఎత్తుకెళ్లింది మాత్రం మొదటిదే అయివుండాలి, ఎందుకంటే భుజానికి అంటుకునే బూడిద దాని తొక్కమీదే ఉంటుంది.

ఇక్కడ చెబుతున్నది తీపి గుమ్మడి గురించి. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికోలోని ఒహాకా లోయలో గిలా నాకిట్జ్ అనే గుహలో దొరికిన కుకుర్బిటా పెపో గింజల్ని పరిశీలించిన బ్రూస్ స్మిత్, అవి సాగుచేసిన మొక్కలవేననీ, దాదాపు 10,000 ఏళ్ల నాటివనీ 1997లో ప్రకటించారు. ఆ ఖండంలో మొక్కజొన్న కంటే ముందే మనుషులు గుమ్మడిని పండించారన్నమాట. మన దేశంలో ఎక్కువగా పండేది దీనికి దగ్గరి చుట్టమైన కుకుర్బిటా మాస్కేటా. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ విడుదల చేసిన పూసా విశ్వాస్, బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్కా చందన్ ఈ కోవలోవే. అర్కా సూర్యముఖి మాత్రం కుకుర్బిటా మాక్సిమాకు చెందింది. జాతి ఏదైనా మొలకెత్తే తీరు ఒక్కటే. ఇవన్నీ వెచ్చదనానికి అలవాటుపడ్డ మొక్కలు, చలి వీటికి గిట్టదు.

ఎండు గింజలో దాగిన నూనె

నిల్వ ఉంచిన మంచి గుమ్మడి గింజలో తేమ 7 శాతం మించకూడదు. ఆ స్థితిలో లోపలి జీవక్రియ దాదాపు నిద్రపోతూ ఉంటుంది. తొక్క ఒలిస్తే కనిపించే రెండు చదునైన పప్పు బద్దలే బీజదళాలు. మొక్కకు అవసరమైన తొలి ఆహారమంతా వాటిలోనే ఉంటుంది. వరి, మొక్కజొన్న గింజలు తమ నిల్వను పిండి రూపంలో దాచుకుంటే గుమ్మడి గింజ ఎక్కువగా నూనె, మాంసకృత్తుల రూపంలో దాచుకుంటుంది. పప్పు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నూనే.

నూనెలో శక్తి ఎక్కువ, బరువు తక్కువ. కానీ ఎదిగే వేరుకు, కాడకు కావలసింది చక్కెర. మనిషి శరీరం చక్కెరను కొవ్వుగా మార్చుకోగలదు గానీ కొవ్వు ఆమ్లాలను తిరిగి చక్కెరగా మార్చుకోలేదు. మొలకెత్తే గింజ ఆ పని చేస్తుంది. 1957లో హాన్స్ కోర్న్‌బెర్గ్, హ్యారీ బీవర్స్ ఆముదం గింజల్లో ఈ రసాయన మార్గాన్ని చూపించారు. గుమ్మడి బీజదళాల్లోనూ జరిగేది ఇదే. ఇందుకోసం కణాల్లో గ్లైఆక్సిసోములు అనే సూక్ష్మ సంచులు పనిచేస్తాయి. బీజదళాలు వెలుగులోకి వచ్చి పచ్చబడ్డాక ఈ సంచులే రూపం మార్చుకుని ఆకులో వేరే పనికి కుదురుకుంటాయి. గుమ్మడి మొలకమీద జీవరసాయన శాస్త్రవేత్తలకు ఇంత మక్కువ ఉండటానికి ఇదొక కారణం.

ఈ రసాయన చర్యలన్నీ ఎంజైములు నడిపేవి. ఎంజైముల వేగం వేడిని బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత సంగతి ఇక్కడే మొదలవుతుంది.

పదహారు డిగ్రీల గీత

గుమ్మడి గింజ మొలకెత్తడానికి మట్టి ఉష్ణోగ్రత కనీసం 16 డిగ్రీలు ఉండాలి. 21 నుంచి 35 మధ్య మొలక బాగా వస్తుంది. 35 దగ్గర వేగం అత్యధికం. 38 దాటితే మళ్లీ దెబ్బతింటుంది. గుర్తుంచుకోవలసింది, ఇవి గాలి లెక్కలు కావు, గింజ పడుకున్న లోతులో మట్టి లెక్కలు. వంటింట్లో వాడే మామూలు థర్మామీటరును ఉదయం ఏడు గంటలకు రెండంగుళాల లోతున గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. నాలుగైదు రోజులు వరుసగా 18 డిగ్రీలకు పైన ఉంటే నేలలో ధైర్యంగా వేయవచ్చు.

చల్లని తడి మట్టిలో గింజ ఊరికే ఆలస్యం కావడంతో సరిపెట్టుకోదు. ఎండిన గింజలో కణాల చుట్టూ ఉండే పొరలు ముడుచుకుని, అస్తవ్యస్తంగా ఉంటాయి. నీరు తగలగానే అవి తిరిగి సర్దుకోవాలి. వృక్షశాస్త్రంలో నిపానం అని పిలిచే ఈ నీరు పీల్చుకునే దశ తొలి కొన్ని గంటలే అయినా చాలా సున్నితమైనది. చలిలో పొరలు సరిగా అతుక్కోవు. లోపలి చక్కెరలు, అమైనో ఆమ్లాలు మట్టిలోకి కారిపోతాయి. ఆ తీపి వాసన పట్టుకుని పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. గింజ కుళ్లడానికి తడి ఒక్కటే కారణమనుకుంటారు చాలామంది. చలి తలుపు తీస్తే తడి లోపలికి వచ్చిందని చెప్పడం సరైనది.

తెలుగు రాష్ట్రాల్లో తీరప్రాంతమంతా దాదాపు ఏడాది పొడవునా ఈ గీతకు పైనే ఉంటుంది. ఆదిలాబాద్‌లోనూ, అరకు, లంబసింగి కొండల్లోనూ డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం నేల చల్లబడుతుంది. అక్కడ ఢిల్లీ లెక్కే. ఇక మే నెలలో సమస్య తిరగబడుతుంది. ఎండకు కాలిన పై మట్టి 50 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నీడలో కుండీల్లో మొలిపించడమో, గుంత మీద ఎండుగడ్డి పరచి తడి ఆరకుండా చూడటమో చేయాలి. చలి నుంచి కాపాడటానికి గింజను ఇంట్లోకి తెచ్చే పద్ధతి ఇక్కడ ఎండ నుంచి కాపాడటానికి పనికొస్తుంది.

తొక్కను తొక్కిపట్టే మేకు

గుమ్మడి మొలకలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టం మట్టి కింద జరుగుతుంది కాబట్టి ఎవరూ చూడరు. గింజ మొనదేలిన కొసన తొక్క విచ్చుకుని మొదట వేరు బయటికొస్తుంది, కిందికి తిరుగుతుంది. తర్వాత వేరుకూ బీజదళాలకూ మధ్య ఉన్న కాడ సాగి, కొక్కెంలా వంగి పైకి లేస్తుంది. బీజదళాలు ఇంకా గట్టి తొక్క లోపలే ఇరుక్కుని ఉంటాయి. చేతులు లేని మొక్క ఈ చొక్కాను ఎలా విప్పుకోవాలి?

వేరు, కాడ కలిసేచోట, వంపు లోపలివైపు, అంటే కిందివైపున, చిన్న బొడిపె పుడుతుంది. అది తొక్క కింది రెక్కను మేకులా నేలకు అదిమిపట్టి ఉంచుతుంది. పైనుంచి కొక్కెం లాంటి కాడ లాగుతూ ఉంటుంది. కింద మేకు పట్టు, పైన కాడ లాగుడు కలిసి తొక్కను రెండుగా చీలుస్తాయి. బీజదళాలు జారి బయటపడతాయి. తొక్క మట్టిలోనే ఉండిపోతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో వెలువరించిన మొక్కల చలనాల గ్రంథంలో గుమ్మడి జాతి మొలకలో ఈ ఏర్పాటును శ్రద్ధగా వర్ణించారు.

ఆ బొడిపె ఎప్పుడూ కిందివైపునే ఎందుకు పుడుతుంది? గింజను బోర్లించి వేసినా, వెల్లకిలా వేసినా మొలక కిందివైపును కనిపెట్టి అక్కడే మేకు దిగ్గొడుతుంది. గురుత్వాకర్షణే దానికి ఆ జాడ చెబుతోందన్న అనుమానం పాతదే. దాన్ని తేల్చాలంటే గురుత్వం ప్రభావం దాదాపు లేని చోట గింజను మొలిపించాలి. 1998లో డిస్కవరీ వ్యోమనౌక ఎస్‌టీఎస్-95 యాత్రలో జపాన్ శాస్త్రవేత్తలు ఆ పని చేశారు. గుమ్మడి కుటుంబానికే చెందిన కీర దోస గింజల్ని అంతరిక్షానికి పంపారు. 77 ఏళ్ల జాన్ గ్లెన్ రెండోసారి అంతరిక్షానికి వెళ్లిన యాత్ర అదే.

భారరహిత స్థితిలో బొడిపె అసలే పుట్టదని అనుకోవడం సహజం. జరిగింది అందుకు విరుద్ధం. ఒకటికి బదులు రెండు పుట్టాయి, ఇటొకటి, అటొకటి. అంటే బొడిపెను పుట్టించే శక్తి కాడకు రెండువైపులా సహజంగానే ఉంది. భూమిమీద గురుత్వాకర్షణ చేసే పని పైవైపు బొడిపెను అణచివేయడం. ఆక్సిన్ అనే హార్మోను పైవైపున తగ్గిపోవడం వల్ల అక్కడ బొడిపె ఏర్పడదని పరిశోధకులు వివరించారు. గురుత్వం మొక్కకు ఆజ్ఞ ఇస్తుందని ఊహించినచోట అది వద్దని చెబుతోందని తేలింది.

దీనికి పెరటి తోటలోనూ ఉపయోగం ఉంది. కొన్ని మొలకలు తొక్కను టోపీలా నెత్తిన పెట్టుకునే పైకి రావడం తోట వేసినవాళ్లందరూ చూసేవుంటారు. గింజను మరీ పైపైన, సెంటీమీటరు లోపు లోతున వేస్తే తొక్కను పట్టి ఉంచడానికి మట్టి బరువు చాలదు, మేకు పట్టు జారిపోతుంది. గింజను నిటారుగా గుచ్చినప్పుడు బొడిపెకు తొక్క అంచు సరిగా దొరక్కపోవచ్చు. అందువల్ల గింజను పడుకోబెట్టి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున వేసి, మట్టిని అరచేత్తో మెల్లగా అదమడం మంచిది. మట్టి మరీ పొడిగా ఉన్నా తొక్క గట్టిపడి ఊడదు. టోపీతో వచ్చిన మొలక కనిపిస్తే ఎండు తొక్కను పట్టి లాగకూడదు, బీజదళం తెగి వచ్చేస్తుంది. నీళ్లు చిలకరించి, పావుగంట నానాక మెల్లగా జార్చాలి.

నానబెట్టడం, మూట కట్టడం

గింజల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టడం మంచి అలవాటే. పన్నెండు గంటలు సరిపోతాయి, చలికాలంలో ఇరవై నాలుగు. అంతకు మించితే గింజకు ఆక్సిజన్ అందదు. నీళ్లలో తేలిన గింజలన్నీ తాలు అని పారేయడం మాత్రం సరికాదు. బాగా ఎండిన గుమ్మడి గింజలో తొక్కకూ పప్పుకూ మధ్య గాలి ఉంటుంది కాబట్టి మంచి గింజ కూడా మొదట తేలుతుంది. పది గింజల్ని తడిగుడ్డలో చుట్టి వారం రోజులు వెచ్చగా ఉంచి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం కంటే నమ్మదగిన పరీక్ష లేదు.

నానిన గింజల్ని తడిగుడ్డలో మూటకట్టి, వెచ్చని చోట పెట్టి, మొలక కనిపించాక నాటే పద్ధతి ఉత్తర భారతంలోని నదీతీర రైతులది. యమున, గంగ నదుల్లో వరద తీశాక మిగిలే ఇసుక మేటల మీద నవంబరు, డిసెంబరు నెలల్లో గుమ్మడి, సొర, దోస, కర్బూజ వేస్తారు. అది గింజ సహజంగా మొలిచే కాలం కాదు. అందుకని ఒక రోజు నానబెట్టి, తడి గోనెలో చుట్టి, పశువుల కొట్టం వెచ్చదనంలో ఒకటి రెండు రాత్రులు ఉంచుతారు. మొలకలెత్తిన గింజల్ని పశువుల ఎరువు నింపిన కందకాల్లో నాటి, చలిగాలి వచ్చే వైపున ఎండు రెల్లు తడకలు నిలబెడతారు. తడక గాలిని ఆపుతుంది, పగటి ఎండను మొక్క దగ్గర నిలుపుతుంది. హీటింగ్ మ్యాటు, గ్రీన్‌హౌసు చేసే రెండు పనుల్నీ కొట్టమూ రెల్లుగడ్డీ చేశాయన్నమాట. తుంగభద్ర, పెన్నా ఇసుకల్లో కూడా నదీగర్భ సేద్యం ఉంది గానీ చలి అంతగా లేదు కాబట్టి ఈ తడకల హంగామా అవసరపడదు.

ఈ ఆరాటమంతా ముందుగా కాయ కోయడానికే. మార్చి, ఏప్రిల్ నెలల్లో మార్కెట్లో సరుకు తక్కువగా ఉన్నప్పుడు చేరిన కాయకు ధర పలుకుతుంది. ఇప్పుడు అదే పనికి డిసెంబరు, జనవరి నెలల్లో పాలిథీన్ కప్పు కింద చిన్న సంచుల్లోనో ప్రోట్రేలలోనో నారు పెంచి, ఫిబ్రవరిలో చలి తగ్గగానే పొలంలో నాటుతున్నారు. నేరుగా విత్తిన పంట కంటే నెల, నెలన్నర ముందే కాపు వస్తుంది.

మొలకెత్తిన గింజను నాటేటప్పుడు వేరు పొడవు సెంటీమీటరు లోపే ఉండాలి. కొస విరిగితే ఆ మొక్క కోలుకోవడం కష్టం.

వేరు కదిలితే అలిగే మొక్క

టమాటా, వంగ, మిరప నారును మడిలోంచి పీకి నాటినా రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. గుమ్మడి అలా కాదు. దీని వేరు పైపొర లేత వయసులోనే సుబెరిన్ అనే మైనంలాంటి పదార్థంతో గట్టిపడుతుంది. తెగిన చోట కొత్త వేర్లు త్వరగా పుట్టవు. వెడల్పాటి బీజదళాలు, ఆకులు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. పీకి నాటిన గుమ్మడి మధ్యాహ్నానికి వాలిపోయేది అందుకే. పెద్దవాళ్లు తీగ జాతి విత్తనాలను నేరుగా గుంతలోనే వేయమనడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

కాబట్టి ఇంట్లో మొలిపిస్తే ఒక్కో గింజకు ఒక్కో గది ఉండాలి, నాటేటప్పుడు మట్టి గడ్డ చెదరకుండా మొత్తంగా దిగాలి. అడుగున రంధ్రం చేసిన 15 సెంటీమీటర్ల పాలిథీన్ సంచి, పెద్ద గుంటలున్న ప్రోట్రే, కాగితపు కప్పు, విస్తరాకు దొన్నె, ఏదైనా పరవాలేదు. దొన్నెనూ కాగితపు కప్పునూ అడుగు చింపి అలాగే నేలలో దించవచ్చు. కోడిగుడ్డు పెంకుల్లో గుమ్మడి మొలిపించే చిత్రాలు సామాజిక మాధ్యమాల్లో ముచ్చటగా ఉంటాయి గానీ నాలుగు రోజుల్లోనే వేరు పెంకు గోడకు తగిలి చుట్టుకుపోతుంది. కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపితే నీరు నిలవకుండా, తేమ పోకుండా ఉంటుంది. పచ్చి పేడ పనికిరాదు.

వెచ్చని వాతావరణంలో 12 నుంచి 15 రోజులకు, బీజదళాలు కాక రెండు అసలైన ఆకులు విచ్చుకోగానే నాటాలి. చలికాలపు నారుకు నాలుగు వారాలు పడుతుంది. ఇంకా పెద్దదైతే బాగా నిలదొక్కుకుంటుందని ఆగేవాళ్లుంటారు. అది తలకిందుల లెక్క. వేరు సంచిలో చుట్టుకుపోయిన పెద్ద మొక్క కంటే రెండాకుల చిన్న మొక్కే పొలంలో ముందు పాకుతుంది.

కిటికీ దగ్గర వెలుతురు చాలదు

ఇంట్లో నారు పోసినవాళ్లకు ఎదురయ్యే రెండో కష్టం, మొలకలు దారాల్లా సాగి పడిపోవడం. గదిలో మనిషి కంటికి వెలుతురు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కన్ను దేనికైనా సర్దుకుంటుంది కాబట్టి అది మంచి కొలబద్ద కాదు. ఆరుబయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే గదిలో సాధారణంగా కొన్ని వందలే ఉంటుంది. మొక్కకు అది చీకటే. కాడలోని ఫైటోక్రోమ్ వంటి కాంతిగ్రాహకాలు ఇంకా మట్టిలోనే ఉన్నామన్నంత తొందరలో కాడను సాగదీస్తాయి. బీజదళాల్లోని నూనె నిల్వ అంతా ఆ పొడవుకే ఖర్చయిపోతుంది.

మొలకెత్తడానికి వెలుగు అక్కరలేదు, వెచ్చదనం చాలు. మొలక మట్టిపైకి తొంగిచూసిన రోజునే దాన్ని వెలుగులోకి మార్చాలి. బాల్కనీ గానీ, మేడమీద పలచని నీడ గానీ సరిపోతుంది. పొలంలో నాటడానికి ఐదారు రోజుల ముందు నుంచి రోజూ కొంచెం కొంచెంగా ఎండకు, గాలికి అలవాటు చేసి, నీళ్లు కాస్త తగ్గిస్తే ఆకు పైపొర మందపడుతుంది. నాట్లు సాయంత్రం వేయడం మేలు, మొదటి రాత్రి చల్లదనంలో వేరు సర్దుకుంటుంది.

గుంతకు ఐదు గింజలు ఎందుకు?

నేరుగా విత్తేటప్పుడు రెండు మీటర్ల ఎడంతో అడుగు లోతు గుంతలు తీసి, ఎరువు నింపి, ఒక్కో గుంతకు నాలుగైదు గింజలు వేయమని, రెండు వారాలకు రెండు బలమైన మొక్కలు ఉంచి మిగతావి తీసేయమని చెబుతారు. అది దుబారాగా కనిపిస్తుంది. లెక్క చూస్తే తెలుస్తుంది. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం గుమ్మడి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం 60. అంటే ఒక గింజ మొలవకపోయే అవకాశం 0.4. గుంతకు రెండు వేస్తే రెండూ మొలవకపోయే అవకాశం 0.16. నూరు గుంతల్లో పదహారు ఖాళీగా ఉండిపోతాయి. ఐదు వేస్తే నూటికి ఒక్కటే ఖాళీ. నూటికి 91 గుంతల్లో కనీసం రెండు మొక్కలు దొరుకుతాయి.

రెండు మీటర్ల ఎడంతో ఎకరానికి దాదాపు వెయ్యి గుంతలు వస్తాయి, అంటే ఐదువేల గింజలు. ఇంటి విత్తనమైతే పరవాలేదు. ఖరీదైన సంకరజాతి విత్తనమైతే ఇందులో సగానికి పైగా వృథా కావడానికే కొన్నట్టు. రెండువేల మొక్కల నారు ప్రోట్రేలలో పెంచుకోవడానికి 60 శాతం మొలక లెక్కన కూడా 3,300 గింజలు చాలు. సంకర విత్తనం మొలక శాతం సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

పై లెక్కలో ఒక మెలిక ఉంది. ప్రతి గింజ అదృష్టం దానిదే అనుకుని చేసిన లెక్క అది. గుంతలో నీళ్లు నిలిస్తే ఐదు గింజలూ కలిసే కుళ్లిపోతాయి. ఎలుకో చీమలో వస్తే ఒకదానితో ఆగవు. జూన్, జులై నెలల్లో నల్లరేగడి నేలలో జరిగేది సరిగ్గా ఇదే. తొలకరికి విత్తాక మూడు రోజులు ముసురు పట్టిందంటే గుంతల వరుసలే పోతాయి. వెచ్చదనానికి కొరతలేని తెలుగు నేలమీద కూడా కొన్నిసార్లు నారు పోసి నాటడం తెలివైన పని కావడానికి ఈ వాన కారణం. లేదా గుంతకు బదులు బోదె మీద, నీరు జారిపోయేలా విత్తుకోవాలి. కిలో విత్తనానికి నాలుగు గ్రాముల ట్రైకోడెర్మా విరిడె పట్టిస్తే ఆ మేలుచేసే శిలీంధ్రం గింజ చుట్టూ ముందే చోటు ఆక్రమించి నారుకుళ్లును కొంతవరకు అడ్డుకుంటుంది. నిలిచిన నీటికి మాత్రం అది మందు కాదు.

కూర తరిగినప్పుడు దాచిన గింజలు

బజారు గుమ్మడికాయలోని గింజల్ని కడిగి, నీడలో ఆరబెట్టి వేసుకోవచ్చా? కాయ బాగా ముదిరినదైతే మొలుస్తాయి. ఎలాంటి కాయ కాస్తుందన్నదే సందేహం. గుమ్మడిలో మగ పువ్వులు, ఆడ పువ్వులు ఒకే తీగమీద విడివిడిగా పూస్తాయి. పుప్పొడి మోసేది తేనెటీగలు. అవి ఏ పొలం నుంచి ఏ పొలానికి తిరిగాయో ఎవరికీ తెలియదు. తల్లి కాయ సంకరజాతిదైతే దాని పిల్లలు తలో రకంగా ఉంటాయి.

రుచి తేడా వస్తే సర్దుకోవచ్చు. చేదు వస్తే సర్దుకోకూడదు. గుమ్మడి కుటుంబపు అడవి మొక్కలు ఆత్మరక్షణ కోసం కుకుర్బిటాసిన్లు అనే తీవ్రమైన చేదు పదార్థాలు తయారు చేసుకుంటాయి. వేల ఏళ్లుగా మనుషులు చేదులేని కాయల విత్తనాలనే ఏరుకుంటూ వచ్చారు. అడవి జాతితోనో అలంకార జాతితోనో కలిస్తే ఆ గుణం తిరిగి బయటపడవచ్చు. 2015లో జర్మనీలో 79 ఏళ్ల వ్యక్తి పెరటిలో కాసిన చేదు జుకీని కూర తిని చనిపోయారు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి మరణించిన ఉదంతాలను పరిశీలించిన భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘం, చేదుగా ఉన్న సొరకాయ రసాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తాగవద్దని సూచించింది. ఉడికించినా ఈ చేదు పోదు. గుమ్మడికాయ ముక్క నాలుకకు చేదు తగిలితే ఆ కాయను పారేయాలి, దాని గింజల్ని విత్తనానికి ఉంచకూడదు.

బీజదళాల మీద దాడి

నేలలో వేసినా, ఇంట్లో మొలిపించి నాటినా, మొక్కకు అసలు గండం తొలి మూడు వారాలు. నారింజ ఎరుపు రంగులో మెరిసే గుమ్మడి పెంకు పురుగు బీజదళాలను, లేత ఆకులను జల్లెడలా కొరికేస్తుంది. ముదురు తీగకు నాలుగు ఆకులు పోయినా లెక్కలేదు. రెండు బీజదళాలే ఆస్తిగా ఉన్న మొలకకు అవి పోతే అంతా పోయినట్టే. అప్పటికి నూనె నిల్వ కరిగిపోతూ ఉంటుంది, పచ్చబడిన బీజదళాలే ఎండలో ఆహారం తయారుచేసి మొక్కను పోషిస్తుంటాయి. పెరట్లో పొద్దున్నే, పురుగు ఇంకా చలికి మందకొడిగా ఉన్నప్పుడు చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయవచ్చు. పొయ్యి బూడిద చల్లడం పాత పద్ధతి. అది ఆకును పురుగుకు ఇబ్బందికరంగా మారుస్తుంది, వాన పడితే కొట్టుకుపోతుంది. పలచని నైలాను వల కప్పడం అన్నిటికన్నా మేలు, పూత మొదలయ్యేనాటికి తీసేస్తే తేనెటీగలకు దారి దొరుకుతుంది. సంచుల్లో వల కింద పెరిగిన నారుకు ఉన్న గొప్ప లాభం కూడా ఇదే, అది పొలంలోకి అడుగుపెట్టేసరికి గండంలో సగం దాటి ఉంటుంది.

నాలుగైదు ఆకులు వచ్చాక తీగ నులి వేసి పాకడం మొదలుపెడుతుంది. ఆ సమయానికి అడుగున ఉన్న రెండు మందపాటి బీజదళాలు పసుపుబారి, ముడుచుకుని రాలిపోతాయి. అది తెగులు కాదు, దానికి మందు కొట్టక్కరలేదు.